పొగగొట్టాలకు వైద్యం చేసిన కౌంట్ రమ్‌ఫర్డ్

కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో ఊది ఊది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంట చేసిన రోజులు మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పచ్చికట్టె అయితే ఇక చెప్పక్కర్లేదు. ఇల్లంతా పొగ, గోడలన్నీ మసి, పిల్లలకు దగ్గు. ఈ అవస్థ మనకే అనుకుంటాం గానీ, రెండు వందల ఏళ్ల కిందట లండన్ మేడల్లో ఉండే దొరసానులదీ ఇదే పరిస్థితి! చలి దేశం కాబట్టి వంటింట్లోనే కాదు, కూర్చునే గదిలో, పడకగదిలో కూడా గోడకు గూడు కట్టి మంట వేసుకునేవారు. దాన్నే ఫైర్‌ప్లేస్ అంటారు. ఆ మంట ముందు కూర్చుంటే ముఖం మాడిపోయేది, వీపు మాత్రం చలికి వణికేది. గాలి ఎదురు తిరిగిందంటే పొగంతా గదిలోకే!

ఆ పొగకు వైద్యం కనిపెట్టినవాడు బెంజమిన్ థాంప్సన్. లోకానికి కౌంట్ రమ్‌ఫర్డ్‌గా తెలుసు. సైన్సు పుస్తకాల్లో ఆయన పేరు వేడి గురించిన పాఠంలో వస్తుంది. ఇల్లాళ్లకు మాత్రం ఆయన పొయ్యి మేస్త్రి. ఆయన జీవితంలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, ముక్కున వేలేసుకోవలసినవీ ఉన్నాయి. రెండూ చెప్పుకుందాం.

తండ్రి లేని పిల్లాడు

1753 మార్చి 26న అమెరికాలో, మసాచుసెట్స్‌లోని వోబర్న్ అనే పల్లెలో పుట్టాడు. ఇంకా రెండేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పదమూడేళ్లకే సేలం పట్నంలో ఒక వర్తకుడి దుకాణంలో పనికి కుదిరాడు. లెక్కలు రాయడం కంటే యంత్రాల మీద, ప్రయోగాల మీద ధ్యాస ఎక్కువ. బాణసంచా తయారు చేయబోయి ఒళ్లు కాల్చుకున్నాడు కూడా. చదువుకోవడానికి డబ్బు లేదు. అయినా స్నేహితుడితో కలిసి హార్వర్డ్ దాకా నడిచి వెళ్లి సైన్సు ఉపన్యాసాలు వినేవాడు.

1772లో న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌కు బడిపంతులుగా వెళ్లాడు. ఆ ఊరికి పాత పేరు రమ్‌ఫర్డ్. అక్కడ సారా అనే సంపన్న వితంతువును పెళ్లాడాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. ఆవిడ పదమూడు, పద్నాలుగేళ్లు పెద్ద. ఆ పెళ్లితో పంతులు పెద్ద మనిషయ్యాడు. 1774 అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. ఆ పాప పేరూ సారానే. ముద్దుగా శాలీ.

అప్పుడే అమెరికాలో బ్రిటిష్ రాజు మీద తిరుగుబాటు రాజుకుంటోంది. థాంప్సన్ రాజు పక్షం. రహస్య సిరాతో ఉత్తరం రాసి తిరుగుబాటుదారుల సంగతులు బ్రిటిష్ వాళ్లకు చేరవేశాడని తర్వాత బయటపడింది. ఊరు ఊరంతా మీదికి వచ్చేసరికి పారిపోయాడు. పాపకు ఏడాది నిండేనాటికి ఆయన సొంత గడ్డ మీద ఉండలేని స్థితి. 1776లో ఇంగ్లండ్ చేరుకున్నాడు. భార్యను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ 1792లో పోయింది. ఒంటరిగా బిడ్డను పెంచిన ఆ తల్లి గురించి చరిత్రలో రాసింది చాలా తక్కువ.

మ్యూనిక్‌లో సూపు కుండలు

ఇంగ్లండ్‌లో తెలివితేటలతో పైకొచ్చాడు. 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1784లో రాజు సర్ బిరుదు ఇచ్చాడు. ఆ తర్వాత జర్మనీలోని బవేరియా రాజు కొలువులో చేరాడు. సైన్యానికి చవకగా వెచ్చని బట్టలు ఎలా కుట్టించాలి, తక్కువ ఖర్చుతో కడుపు నిండా ఎలా పెట్టాలి అన్నవి ఆయన ముందున్న సమస్యలు. ఏ గుడ్డ వేడిని ఎంత నిలుపుతుందో కూడా కొలిచి చూశాడు.

మ్యూనిక్ వీధుల్లో బిచ్చగాళ్లు ఎక్కువ. 1790 జనవరి 1న సైనికులతో వాళ్లందరినీ పట్టించి, ఒక పెద్ద పనిశాలకు చేర్చాడు. అక్కడ నూలు వడకడం, సైన్యానికి బట్టలు కుట్టడం వాళ్ల పని. అందుకు కూలీ, వెచ్చని గది, వేడి భోజనం. బలవంతంగా పట్టుకురావడం ఏం దయ అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. అయితే ఆ భోజనం కోసం ఆయన పడ్డ తపన మాత్రం నిజం. బార్లీ, ఎండు బఠాణీలు, బంగాళాదుంపలు, కాస్త వెనిగర్, ఉప్పు, రొట్టె ముక్కలు వేసి గంటల తరబడి మరిగించిన సూపు అది. అక్కడివాళ్లకు బంగాళాదుంప అంటే గిట్టదు. అందుకని మొదట్లో గుర్తుపట్టకుండా ఉడికించి, మెదిపి కలిపించాడట. పిల్లలు తినని కూరను పప్పులో కలిపి పెట్టే తల్లులకు ఈ కిటుకు కొత్తేమీ కాదు!

వందల మందికి వండాలంటే కట్టెలు బోలెడు కావాలి. అక్కడే ఆయనకు పొయ్యి మీద దృష్టి పడింది. బయటికి తెరిచి ఉన్న మంట మీద వండితే వేడిలో ఎక్కువ భాగం గాలిపాలు అవుతోంది, వంటవాళ్ల ముఖాలు కాలుతున్నాయి. అందుకని ఇటుకలతో గట్టు కట్టించి, ఒక్కో గిన్నె దిగేలా గుంటలు పెట్టించి, ఒక్కో గుంట కింద విడివిడిగా మూసిన మంట ఏర్పాటు చేశాడు. గాలి ఎంత కావాలో అంతే వదిలే చిన్న తలుపులు పెట్టాడు. ఈ సేవలకు మెచ్చి కౌంట్ బిరుదు ఇస్తే, తను పంతులుగా పనిచేసిన ఊరి పాత పేరే పెట్టుకుని కౌంట్ రమ్‌ఫర్డ్ అయ్యాడు.

నాలుగంగుళాల కిటుకు

1795లో మళ్లీ లండన్ వచ్చాడు. ఎవరింటికి వెళ్లినా పొగే. ఎందుకిలా అని ఆలోచించాడు. పాత ఫైర్‌ప్లేసులు లోతుగా, పెట్టెలా ఉండేవి. పైన పొగగొట్టం మొదలయ్యే చోట, అంటే గొంతు దగ్గర, మనిషి దూరేంత ఖాళీ. మంట వల్ల వేడెక్కిన గది గాలి అంతా ఆ ఖాళీలోంచి పైకి పోయేది. దాని స్థానంలోకి తలుపు సందుల్లోంచి చల్లగాలి చొరబడేది. గొంతు వెడల్పుగా ఉండడంతో పైనుంచి చల్లగాలి కిందికి దిగి పొగను గదిలోకి నెట్టేది. అంటే బొగ్గు కొనేది ఇంటి యజమాని, వెచ్చబడేది ఆకాశం!

రమ్‌ఫర్డ్ చేసింది చాలా చిన్న మార్పు. గొంతును నాలుగంగుళాలకు కుదించాడు. వెనక గోడను ముందుకు జరిపాడు. పక్క గోడలను ఏటవాలుగా తెరిచాడు. అలా చేస్తే వేడి గదిలోకి తిరిగి కొడుతుంది. వెనక గోడ వెడల్పు ముందు వెడల్పులో మూడో వంతు ఉండాలన్నాడు. ఇనుప పలకల కంటే ఇటుక, రాయి మేలన్నాడు. పక్క గోడలకు సున్నం వేయమన్నాడు. తెల్లటి గోడ వేడిని గదిలోకి బాగా తిప్పి కొడుతుందని ఆయన లెక్క. కాసిని ఇటుకలు, కాస్త గచ్చు, ఒక మంచి తాపీమేస్త్రి ఉంటే చాలు, పని పూర్తి!

మరి గొంతు అంత ఇరుకైతే మసి ఎలా దులపాలి? ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పొగగొట్టాల్లోకి ఎక్కి మసి దులిపేది చిన్న పిల్లలు. ఎనిమిదేళ్లలోపు వాళ్లను పెట్టకూడదని 1788లో చట్టం చేశారంటేనే అర్థం చేసుకోండి. ఆ దురాచారం ఆగడానికి 1875 దాకా పట్టింది. మసి దులిపేటప్పుడు తీసి మళ్లీ పెట్టేలా గొంతు దగ్గర ఒక పలకను రమ్‌ఫర్డ్ ఏర్పాటు చేశాడు.

1796లో దీనిమీద ఒక వ్యాసం అచ్చు వేశాడు. అందులో ఒక అధ్యాయం ప్రత్యేకంగా పనివాళ్ల కోసమే. గీత ఎక్కడ గీయాలి, కొలత ఎక్కడినుంచి తీయాలి, ఏ ఇటుక ముందు పెట్టాలి... అన్నీ వరసగా చెప్పాడు. ఈ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా కట్టుకోవచ్చు, ఎవరైనా కట్టి డబ్బు సంపాదించుకోవచ్చు. లండన్‌లో రమ్‌ఫర్డ్ ఫైర్‌ప్లేస్ ఉండడం గొప్ప అయిపోయింది. జేన్ ఆస్టిన్ రాసిన నార్తాంగర్ ఆబీ నవలలో కూడా దాని ప్రస్తావన ఉంది. అమెరికాలో థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో ఇంట్లో ఈ పద్ధతిలోనే కట్టించుకున్నాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. పేరు వినగానే ప్రతి మేస్త్రీ రమ్‌ఫర్డ్ పని నాకూ వచ్చునంటూ బయల్దేరాడు. చాలామంది చూపుతో కట్టేశారే గానీ కొలత తీయలేదు. గొంతు వెడల్పు వదిలేసినవాళ్లు కొందరు, ఇనుము అలాగే ఉంచినవాళ్లు కొందరు. పొగ తగ్గలేదు, తిట్లు మాత్రం రమ్‌ఫర్డ్‌కు! చివరికి ఆయన పనివాళ్లు చేసే తప్పులను ఏకరువు పెడుతూ మళ్లీ రాయాల్సి వచ్చింది. నమూనా ఎంత మంచిదైనా, కట్టే చేతికి కారణం తెలియకపోతే ఫలితం ఉండదని ఆయనకు అనుభవంతో తెలిసింది.

మంచి పనివాణ్ని పట్టిన మనిషి

ఆ బాధలోంచే మరో పని పుట్టింది. 1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపించడంలో ఆయనది ముఖ్య పాత్ర. కొత్త పొయ్యిలు, వంట గదులు, యంత్రాల నమూనాలు అక్కడ పెట్టాలి, చేతి పనివాళ్లకు శాస్త్రం నేర్పాలి అన్నది ఆయన కోరిక. అది అనుకున్నట్టు సాగలేదు. కానీ 1801లో ఒక కుర్రాణ్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. పేరు హంఫ్రీ డేవీ. అతని ఉపన్యాసాలకు లండన్ ఆడవాళ్లు విరగబడి వచ్చేవారు. అలా విన్నవారిలో జేన్ మార్సెట్ ఒకరు. ఆవిడ ఆడపిల్లల కోసం సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర పుస్తకం చదివే, పుస్తకాలకు అట్టలు కుట్టే మైకేల్ ఫారడే అనే కుర్రాడు సైన్సు వైపు తిరిగాడు. 1815లో డేవీ గనికూలీల కోసం దీపం చేశాడు. గనుల్లో మండే వాయువు అంటుకుని పేలకుండా కాపాడే దీపం. ఆ వాయువు మీథేన్. ఈనాడు పైపుల్లో ఇళ్లకొచ్చే సహజవాయువులో ముఖ్యభాగం అదే.

వేడి అంటే ఒక ద్రవం లాంటి పదార్థం అని ఆ రోజుల్లో పండితులు నమ్మేవారు. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలకు రంధ్రం తొలిచేటప్పుడు అవి విపరీతంగా వేడెక్కడం రమ్‌ఫర్డ్ గమనించాడు. నీళ్లలో ఉంచి తొలిపించి చూశాడు. రెండున్నర గంటల్లో నిప్పు లేకుండానే నీళ్లు మరిగాయి! ఎంతసేపు రాపిడి ఉంటే అంతసేపూ వేడి పుడుతోందంటే అది పదార్థం కాదు, ఒక రకమైన కదలిక అని 1798లో ప్రకటించాడు.

సొంత ఇంట్లో సెగ

ఇక ఇంటి సంగతి. తల్లి పోయాక, 1796లో కూతురు శాలీ సముద్రం దాటి తండ్రి దగ్గరికి వచ్చింది. పొత్తిళ్లలో వదిలి వెళ్లిన బిడ్డను ఇరవై ఒక్కేళ్ల యువతిగా చూశాడు! కొన్నాళ్లు ఉండి ఆ అమ్మాయి అమెరికాకు తిరిగి వెళ్లింది.

1805లో రమ్‌ఫర్డ్ పారిస్‌లో రెండో పెళ్లి చేసుకున్నాడు. వధువు మేరీ ఆన్ లావోసియే. రసాయనశాస్త్రానికి పునాది వేసిన లావోసియేను 1794లో ఫ్రెంచి విప్లవకారులు గిలెటిన్ ఎక్కించారు. ఆయన భార్యే ఈవిడ. భర్త ప్రయోగశాలలో పక్కన ఉండి రాసుకునేది, ఇంగ్లిషు గ్రంథాలు ఫ్రెంచిలోకి తెచ్చేది, ఆయన పుస్తకానికి బొమ్మలన్నీ తనే గీసింది. రెండో పెళ్లి అయినా లావోసియే పేరు వదులుకోనని ముందే షరతు పెట్టింది. ఆ రోజుల్లో ఎంత ధైర్యం!

ఇద్దరికీ పొసగలేదు. ఆవిడకు పదిమందితో విందు వినోదాలు కావాలి. ఆయనకు తోట, ప్రయోగాలు, నిశ్శబ్దం కావాలి. ఒకసారి ఆవిడ పిలిచిన అతిథులు లోపలికి రాకుండా ఆయన గేటుకు తాళం వేయించాడు. ఆవిడ గోడ మీదుగానే వాళ్లతో మాట్లాడి, వెళ్లి ఆయన ఎంతో ఇష్టంగా పెంచుకుంటున్న పూలమొక్కల మీద సలసల మరిగే నీళ్లు పోసింది. ఇది ఆయనే కూతురికి ఉత్తరంలో రాసుకున్న సంగతి. ఆవిడ వైపు కథ కూడా ఉండే ఉంటుంది కదా! 1809లో విడిపోయారు. లోకంలో ఎవరి పొయ్యి ఎందుకు పొగ కక్కుతోందో చెప్పగలిగిన మనిషి తన ఇంటి పొగను ఆర్పుకోలేకపోయాడు.

1814 ఆగస్టు 21న పారిస్ దగ్గరి ఓతాయ్‌లో కన్నుమూశాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్‌లో ఒక ఆచార్య పదవి ఏర్పడింది. ఆ పదవిలో ఉన్న ఎబెన్ హార్స్‌ఫర్డ్ తయారు చేసిన బేకింగ్ పౌడర్‌కు రమ్‌ఫర్డ్ పేరే పెట్టారు. ఆయన నెలకొల్పిన రమ్‌ఫర్డ్ బహుమతిని మన దేశంలో చదువుకున్న సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ 1957లో అందుకున్నారు. శాలీ పెళ్లి చేసుకోలేదు. 1852లో పోతూ కాంకర్డ్‌లోని తన ఇంటిని, డబ్బును దిక్కులేని ఆడపిల్లల ఆశ్రమానికి రాసింది. తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ దానికి పెట్టించింది.

కట్టె నుంచి గ్యాసు దాకా

రమ్‌ఫర్డ్ కాలంలో కట్టె, బొగ్గు తప్ప ఇళ్లలో గ్యాసు లేదు. ఆయన తర్వాత గ్యాసు మంటలు వచ్చాయి. 1919 డిసెంబరు 23న అమెరికాలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ గ్యాసుతో ఇల్లంతా వేడి చేసే కొలిమికి పేటెంటు పొందింది. ఒక్కో గదికి ఒక్కో గొట్టం, ఎక్కడ ఎంత వేడి కావాలో అంతే. మన వైపు చూస్తే, హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు 1950లలో పొగలేని పొయ్యి తయారు చేసి, లక్షల వంటిళ్లకు పొగ బాధ తప్పించాలని పుస్తకమే రాశారు.

ఇప్పుడు పిల్లల దగ్గరికని అమెరికా, లండన్ వెళ్లే అమ్మలు ఎందరో. అక్కడ మీట నొక్కగానే వెలిగే గ్యాసు ఫైర్‌ప్లేస్ చూసి ముచ్చట పడతాం. పొగ కనిపించదు కాబట్టి భయమూ ఉండదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గాలి చాలక గ్యాసు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు లీకయితే తెలియడానికి కంపు వాసన కలుపుతారు గానీ, ఈ విషవాయువుకు ఆ హెచ్చరిక కూడా లేదు. తలనొప్పి, వాంతి, మత్తు... నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గొట్టంలో పక్షి గూడు అడ్డుపడినా, బయటి కొసను మంచు మూసేసినా చాలు. మన ఊళ్లలో కిటికీ లేని బాత్‌రూముల్లో గ్యాసు గీజరు పెట్టించి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు చదువుతూనే ఉన్నాం.

మేస్త్రిని పిలిచే ముందు

అందుకే రమ్‌ఫర్డ్ నేర్పిన పాఠం మనకు పనికొస్తుంది. పని తెలిసినవాణ్నే పిలవాలి, కారణం అడగాలి, కొలిచి చూపించమనాలి.

* బ్రిటన్‌లో గ్యాసు పని చేసేవారు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. 2009 నుంచి ఈ పద్ధతి ఉంది. వచ్చినవారి కార్డు అడిగి చూడండి. ఏ రకం పనికి అనుమతి ఉందో కార్డు వెనక రాసి ఉంటుంది.

* అమెరికాలో లైసెన్సు నియమాలు రాష్ట్రానికో రకం. లైసెన్సుతో పాటు బీమా ఉందా, నగరపాలక అనుమతి ఎవరు తీసుకుంటారు అన్నవి ముందే తేల్చుకోండి. నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ వారి గ్యాసు ధ్రువపత్రం ఉంటే మరీ మంచిది.

* ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఏ సామాను, ఎంత కూలీ, విడివిడిగా ఉండాలి. ఇద్దరు ముగ్గురిని అడిగి పోల్చుకోండి. మరీ చవకగా చేస్తానన్నవాడు ఏది వదిలేస్తున్నాడో కనుక్కోండి.

* బయటి గాలినే తీసుకుని, పొగను బయటికే పంపే మూసిన రకమా, లేక గదిలోకే వదిలే రకమా అని తప్పక అడగండి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే మొదటి రకమే మేలు.

* పని అయ్యాక మీ ఎదుటే వెలిగించి, గొట్టం సరిగ్గా లాగుతోందో లేదో, జాయింట్లు లీకవుతున్నాయో లేదో పరీక్షించమనండి. వంట స్టవ్వుకు నీలి మంట ఉండాలి. అలంకారం ఫైర్‌ప్లేసులో పసుపు మంట కావాలనే పెడతారు. కాబట్టి అక్కడ రంగు చూసి మనం తేల్చుకోలేం. మసి పడుతుంటే మాత్రం వెంటనే ఆపేసి మనిషిని పిలవాలి.

* ఏడాదికోసారి, చలికాలం రాకముందే తనిఖీ చేయించండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. అది మోగితే కారణం వెతుకుతూ కూర్చోకుండా ముందు అందరూ బయటికి వచ్చేయాలి.

* మన ఇళ్లలో సిలిండరు, గీజరు పనులకు దారిన పోయే ప్లంబరును కాకుండా ఏజెన్సీ మెకానిక్‌నో, కంపెనీ మనిషినో పిలవండి. గ్యాసు గొట్టం ఐదేళ్లకోసారి మార్చాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకయితే నేల మీద పేరుకుంటుంది. స్విచ్చులు ముట్టుకోకుండా, రెగ్యులేటరు ఆపి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

వచ్చిన మెకానిక్ పక్కనే నిలబడి ఇది ఎందుకు, అది ఎందుకు అని అడగడానికి మొహమాటపడకండి. మొగవాళ్లు ఇంట్లో లేరు, తర్వాత రమ్మందాం అని వాయిదా వేయకండి. రోజూ ఆ మంట దగ్గర నిలబడేది మనమే కదా!